నేను ఎక్కని ఓడకు రాసిన జాగ్రత్తలు

నేను ఇంతవరకు ఓడ ఎక్కలేదు. ఓడ ఎక్కేవాళ్లు పాటించాల్సిన జాగ్రత్తలు మాత్రం ఇరవై మూడు రాశాను. సత్తెనపల్లి బస్టాండు దగ్గర జిరాక్సు తీయించి మా సత్సంగంలో ముప్పై మందికి పంచాను. ఆ కాగితం ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. ఎవరి చుట్టాలైనా సింగపూరు వెళ్లి ఓడ ఎక్కుతున్నారంటే, "ఆ కాగితం ఒకటి ఇప్పించండి" అని కబురొస్తుంది. ఇస్తాను. ఇచ్చేముందు అడుగున ఇంకో జాగ్రత్త చేత్తో రాసి ఇస్తాను. అది మొదటిసారి రాయలేదు. మరిచిపోయి కాదు.

మా సత్సంగం చిన్నది. గురువారం గురువారం పొద్దున్నే మూతబడ్డ ఒక బియ్యం మిల్లు హాల్లో కలుస్తాం. రైతుల ఇళ్ల ఆడవాళ్లు, రిటైరైన మాస్టార్లు, ఇద్దరు ముగ్గురు కొట్లవాళ్లు. ఏడాదికి రెండుసార్లు గురువుగారు వచ్చి పురాణం చెబుతారు. ఆయన చెప్పేముందు ఒకరు మూలం చదవాలి. పద్యం చదివి ఆపితే ఆయన అర్థం చెబుతారు. ఆయన రాని గురువారాల్లో ఉత్త మూలమే చదువుతారు. చదివేవాళ్లకి వ్యాసపీఠం పక్కనే ఒక పీట వేస్తారు. తొమ్మిదేళ్లు ఆ పీట నాది.

ఆ పీట మీద కూర్చునేవాళ్లకి ఒక నియమం ఉంది. తెల్లవారకముందే తలస్నానం చేయాలి. ఆ రోజు పారాయణం పూర్తయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. నాకంటే ముందు చదివినావిడ అలాగే చేసింది, నేనూ చేశాను. ఏ గ్రంథంలో ఉందని ఎవరూ అడగలేదు. ఆకలేసినకొద్దీ గొంతు శుద్ధి అవుతుందని నాకో నమ్మకం. ఎండాకాలంలో పన్నెండు దాటేవేళకి కళ్లు చీకట్లు కమ్మేవి. అదే నా భక్తికి కొలత అనుకునేదాన్ని.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజులవి. ఆ కార్తీకం మొదట్లో గురువుగారు వచ్చినప్పుడు ఒక మాట చెప్పారు. వచ్చే మాఘంలో ఐదు రోజుల పారాయణం సముద్రం మీద, ఓడలో జరుగుతుందట. చెన్నై నుంచి సింగపూరుకి విమానం, అక్కణ్ణుంచి పెద్ద ఓడ. నాలుగైదు ఊళ్ల సత్సంగాలు కలిసి వెళ్తాయి. పొద్దున పురాణం, సాయంత్రం భజన, మధ్యలో రేవులొస్తే దిగి చూడటం. హాలంతా ఒక్కసారి గోల. పక్కనున్న ముసలమ్మగారు నా చెయ్యి పట్టుకుని "నీ గొంతు సముద్రం మీద వినాలమ్మాయ్" అంది. నాకు ఒళ్లు పులకరించింది. ఆ మాట నిజమైపోయినట్టే ఇంటికొచ్చాను.

ఇంట్లో మా ఆయన పురుగుమందు డబ్బాలు కడుగుతున్నాడు. చెప్పాను.

"మాఘంలోనా? మిరపకాయ కళ్లంలో ఉంటది గదే."

"ఎనిమిది రోజులేగా."

"ఎనిమిది రోజుల్లో వానొస్తే పట్టాలు కప్పేదెవరు? కోత మనుషుల్ని పిలిచేదెవరు? రంగుపోయిన తాలుకాయ ఏరించేదెవరు? మీ గురువుగారొచ్చి ఏరతాడా?"

కోపంగా అనలేదు. ఉన్న మాటే అన్నాడు. అంతకుముందు రెండేళ్లు పత్తి పచ్చపురుగు పాలైంది. ఆ ఏడు మా ఇల్లు మొత్తం మిరపకాయ మీదే నిలబడి ఉంది. నేను వెళ్లలేనని నాకు ఆ క్షణమే తెలుసు. నేను వెళ్లలేకపోతే ఎవరూ వెళ్లరులే అనుకున్నాను. అలా ఎందుకనుకున్నానో తెలియదు.

వారం తిరగకముందే గుంటూరు నుంచి మా తోడికోడలు ఫోన్ చేసింది. ఆమె మా మరిది భార్య, నాకంటే ఆరేళ్లు చిన్నది. మా మరిది పొలం కౌలుకిచ్చేసి గుంటూరులో విత్తనాల కొట్టు పెట్టుకున్నాడు. సత్సంగానికి ఆమెను తీసుకొచ్చింది నేనే. గురువారం గురువారం పొద్దున్నే బస్సెక్కి వచ్చేది.

"అక్కా, నేను పేరిచ్చేశాను. మీ మరిది ముందు నవ్వాడు గానీ, సరే పొమ్మన్నాడు. పాస్‌పోర్టుకి ఫోటోలు కూడా దిగాను. నువ్వూ రావాలక్కా."

"నాకెలా కుదురుతుంది? మేం నీలాగా నీడపట్టున లేముగా" అన్నాను.

"అవునులే" అంది. అంతే అంది. నేనన్న మాటలో కారం ఆమెకు తగిలిందో లేదో తెలియలేదు. తగలలేదేమోనని నాకింకా మంటగా ఉంది.

ఆ తర్వాత గురువారం మా కార్యదర్శి మాస్టారు నన్ను పక్కకి పిలిచారు. రిటైరైన హెడ్మాస్టరు ఆయన, నేనంటే అభిమానం.

"అమ్మా, మీరు రావడం లేదు గనక చదవడానికి ఎవరా అని గురువుగారు అడిగారు. మీ తోడికోడలి పేరు చెప్పాను. గొంతు బాగుంటుంది. చదవడం తడబడుతుంది, అది మీరు దిద్దాలి. ఇంకో పని కూడా మీదే. మనవాళ్లెవరూ ఓడ చూసినవాళ్లు కారు. టూర్ల ఆఫీసు వాళ్లు ఇచ్చిన కాగితాలన్నీ ఇంగ్లీషు. మీరు బి.ఏ. చదివారు. అవన్నీ చూసి, అడిగి తెలుసుకుని, తెలుగులో జాగ్రత్తలు రాసిపెట్టండి."

నా పీట మీద కూర్చునేదాన్ని నేనే తయారుచేయాలి. ఆమె క్షేమంగా వెళ్లిరావడానికి దారి కూడా నేనే రాయాలి. "అలాగే మాస్టారూ" అన్నాను. ఆ ఇంగ్లీషు కాగితాలు తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

మాత్సర్యం గురించి నేను చాలాసార్లు చదివాను, విన్నాను. ఆరుగురు లోపలి శత్రువుల్లో అది ఆఖరిది. మిగతా ఐదింటిలో మనిషికి ఎంతో కొంత రుచి దొరుకుతుంది. కోపం తీర్చుకున్నవాడికి కాసేపు చల్లగా ఉంటుంది, లోభికి మూట చూసుకుంటే తృప్తి. మాత్సర్యంలో ఏ రుచీ లేదు. అవతలివాళ్లు అన్నం తింటుంటే మన కడుపు మండుతుంది, అంతే. ఇదంతా పీట మీద కూర్చుని పదిమందికి వినిపించినదాన్నే.

కాగితం పని శ్రద్ధగా చేశాను. అందులో అబద్ధం లేదు. గుంటూరులో టూర్ల ఆఫీసుకి రెండుసార్లు వెళ్లాను. అక్కడాయన ఓపిగ్గా చెప్పాడు. ఒకసారి అయితే "మీరే గైడుగా రండమ్మా" అన్నాడు. నవ్వాను.

నేను రాసినవాటిలో కొన్ని ఇవి. పెద్ద పెట్టె ఓడ దగ్గర పనివాళ్లు తీసేసుకుంటారు, అది గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది. కాబట్టి బీపీ, షుగరు మాత్రలు, ఒక చీర, కళ్లజోడు, పారాయణ గ్రంథం చేతిసంచిలోనే పెట్టుకోవాలి. పాస్‌పోర్టు జిరాక్సు ఇంకొకరి సంచిలో ఉండాలి, వాళ్లది మన సంచిలో. ఓడలో ఒక అట్టకార్డు ఇస్తారు. గది తలుపుకి తాళం అదే, ఓడ దిగడానికీ ఎక్కడానికీ గుర్తింపు అదే. మెడలో తాడుకి కట్టుకోవాలి, కొంగున ముడేస్తే పడిపోతుంది. గదిలో దీపం, కర్పూరం, అగరొత్తులు వెలిగించకూడదు. నీళ్లు కాచుకునే హీటరు, రైస్ కుక్కరు పెట్టెలో పెడితే వాళ్లు తీసి పక్కన పెట్టేస్తారు. స్వామికి పువ్వులతో పూజ చేసుకుంటే చాలు. బాత్‌రూములో చెంబు, బకెట్టు ఉండవు, ప్లాస్టిక్ మగ్గు ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. బాత్‌రూము గడప ఎత్తుగా ఉంటుంది, కాలెత్తి దాటాలి. ఉల్లి, వెల్లుల్లి తినని వాళ్లు నెల ముందే పేరివ్వాలి, ఓడ ఎక్కాక అడిగితే పళ్లే పెడతారు. పైన ఆరుబయట గాలికి చీర కుచ్చిళ్లు నిలవవు, పిన్నులు ఎక్కువ తెచ్చుకోవాలి. తడి చెక్కల మీద వట్టికాళ్లతో నడవొద్దు.

మొదటి రోజే గంట మోగించి అందరినీ ఒకచోటికి పిలుస్తారు. ప్రమాదం వస్తే నీళ్లలో తేలే బెలూను జాకెట్టు ఎలా తొడుక్కోవాలో చూపిస్తారు. ఆ వేళకి జపంలో ఉన్నామని ఎవరూ ఎగ్గొట్టకూడదు, జపం తర్వాతైనా చేసుకోవచ్చు. రేవులో దిగినవాళ్లు చెప్పిన టైముకి గంట ముందే తిరిగి రావాలి. ఓడ ఆర్టీసీ బస్సు కాదు, కండక్టర్ని బతిమాలితే ఆగడానికి. గడియారం ఓడ టైముకే పెట్టుకోవాలి, రేవులో టైము వేరేగా ఉండొచ్చు. సముద్రం మధ్యలో సెల్‌ఫోన్ పలకదు, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పిరావాలి, లేకపోతే ఇక్కడ ఏడుపులు మొదలవుతాయి.

కడుపులో తిప్పడం గురించి కూడా రాశాను. గది ఎన్నుకునే వీలుంటే కింది అంతస్తులో, ఓడ మధ్యలో తీసుకోవాలి, ఊపు తక్కువ. తిప్పినట్టుంటే గదిలో పడుకోకుండా బయటికొచ్చి నీళ్లూ ఆకాశమూ కలిసేచోట చూపు నిలపాలి. అల్లం మురబ్బా దగ్గరుంచుకోవాలి. మాత్ర వేసుకుంటే ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే నిలవదు.

అసలు సంగతి వీటి తర్వాత రావాలి. ఖాళీ కడుపుతో ఉండకూడదు. టూర్ల ఆఫీసు ఇచ్చిన ఇంగ్లీషు కాగితంలో ఆ ముక్క నల్లటి అక్షరాల్లో ఉంది. పొద్దున లేవగానే ఏదైనా పొడిగా, కొంచెంగా తినాలి, భోజనం మానకూడదు అని. ఆ కార్తీక పున్నమికి సముద్రస్నానానికి మా సత్సంగం వాళ్లం వ్యాన్లో కొత్తపట్నం వెళ్లాం. అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక ముసలామెను అడిగాను, సముద్రం మీద తిప్పకుండా మీవాళ్లు ఏం చేస్తారని.

"ఏం చేత్తారమ్మా, ఇంత సద్దన్నం తిని ఎక్కుతారు" అంది. "ఉత్త కడుపుతో ఎక్కితే సంద్రం పేగులు పట్టుకుని లాగుద్ది. మా ఆయన పెళ్లైన కొత్తలో నా మీద అలిగి తినకుండా ఎక్కాడు. తిరిగొచ్చాక మళ్లీ ఎప్పుడూ అన్నం మీద అలగలా."

అందరం నవ్వాం. ఆ మాట చిత్తు కాగితంలో రాసుకున్నాను. ఇరవై నాలుగోది.

శుద్ధప్రతి రాయడానికి కూర్చున్న మధ్యాహ్నం మా తోడికోడలు వచ్చింది, పద్యాలు దిద్దించుకోవడానికి. వచ్చినరోజుకొక అధ్యాయం చొప్పున చదివించేదాన్ని. పొడుగు సమాసాల్ని ఎక్కడబడితే అక్కడ విరిచేది. "అక్కడ కాదమ్మా, ఊపిరి ఇక్కడ తీసుకోవాలి" అని పదిసార్లు చెబితే పదకొండోసారి సరిగ్గా చదివేది. అలా సరిగ్గా చదివినప్పుడు మాత్రం గొంతు ఇల్లంతా నిండేది. పక్కింటివాళ్లు పని ఆపి వినేవాళ్లు. నేను చదివిన తొమ్మిదేళ్లలో ఎవరూ పని ఆపి వినలేదు. నాది తప్పుల్లేని చదువు. ఆమెది వినబుద్ధేసే చదువు.

ఆ రోజు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"అక్కా, ఓడలో కూడా నీలాగే చేస్తా. పారాయణం అయ్యేదాకా నీళ్లు కూడా ముట్టను. నీ పీట మీద కూర్చుంటున్నాను గదా, నీ నియమం తప్పితే ఎట్లా?"

అప్పుడు చెప్పాలి. ఓడలో అలా కుదరదమ్మా, తిని కూర్చో అని ఒక్క మాట. నా ఎదురుగానే చిత్తు కాగితం ఉంది. "మంచిది" అన్నాను.

ఆమె వెళ్లాక శుద్ధప్రతి మొదలుపెట్టాను. ఇరవై మూడు రాసి కలం ఆపాను. పారాయణానికి ముందు తినమని నా చేత్తో నేనెలా రాస్తాను, అది నియమానికి విరుద్ధం కదా అనుకున్నాను. నేను చెప్పానని రేపు ఎవరైనా నియమం తప్పితే ఆ పాపం నాది కదా అనుకున్నాను. దుర్బుద్ధి అంత మడి కట్టుకుని వస్తుందని నాకు తెలియదు. మిగతా ఇరవై తొమ్మిది మంది ఎలాగూ పొద్దున్నే టిఫిన్లు తింటారు, వాళ్లకి ఆ ముక్కతో పని లేదు. ఆ ముక్క కావాల్సింది ఒక్క మనిషికే. అదీ నాకు తెలుసు. చిత్తు కాగితం పొయ్యిలో వేశాను.

వాళ్లు వెళ్లిన ఎనిమిది రోజులూ నేను కళ్లంలో ఉన్నాను. ఎర్రగా పరుచుకున్న కాయ మధ్యలో కూర్చుని తాలు ఏరిస్తూ, ఇప్పుడు పీట వేసుంటారు, ఇప్పుడు మొదటి పద్యం అని లెక్కపెట్టుకున్నాను. మిరప ఘాటుకి కళ్లు నీళ్లు కారుతుంటే కూలికొచ్చినావిడ "కొత్తగా ఏడుస్తున్నారేంటమ్మా?" అని ఎగతాళి చేసింది. మా తోడికోడలు వాంతి చేసుకోవాలని నేను స్వామిని కోరలేదు. బాగా చదవాలనీ కోరలేదు.

తిరిగొచ్చిన గురువారం హాలు నిండిపోయింది. ప్రతివాళ్లూ ఒకేసారి చెబుతున్నారు. రైలంత పొడుగు వరండాలట, అద్దాల లిఫ్టులట. మగ్గు తీసుకెళ్లమని రాసినందుకు ఒక పెద్దాయన నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "ఆ ఒక్క మాటకే మీకు పుణ్యలోకాలు అమ్మా!" అన్నాడు. అందరూ నవ్వారు. గంట మోగినప్పుడు అందరం వెళ్లామనీ, వేరే ఊరి సత్సంగం వాళ్లలో ఇద్దరు రేవులో ఆలస్యమై పరుగులు పెట్టారనీ, మనవాళ్లెవరికీ ఆ తిప్పలు రాలేదనీ చెప్పారు. ఒక్కొక్క మెచ్చుకోలూ నాకు గుచ్చుకుంటోంది. నా కళ్లు మా తోడికోడలి కోసం వెతుకుతున్నాయి. వెనక వరుసలో గోడకి ఆనుకుని కూర్చుంది. మనిషి సగమైంది.

సంగతి కార్యదర్శి మాస్టారు చెప్పారు. మొదటి రోజు సముద్రం పళ్లెంలో నీళ్లలా ఉందట. ఆమె చదివితే నాలుగూళ్ల వాళ్లూ చెవులప్పగించి విన్నారట, గురువుగారు మెచ్చుకున్నారట. రెండో రోజు తెల్లవారేసరికి ఓడ ఊగడం మొదలైంది. టిఫిన్ తిన్నవాళ్లకి కాస్త తల తిరిగి సర్దుకుంది. ఆమె మూడో పద్యం మధ్యలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లేచింది. హాలు దాటకముందే వాంతి. కడుపులో ఏమీ లేదు, పసరు. ఓడ డాక్టరు బిస్కెట్లు తినమంటే, పారాయణం కాకుండా ముట్టనంది. మూడో రోజు మళ్లీ స్నానం చేసి, మళ్లీ ఉత్త కడుపుతో వచ్చి కూర్చుంది. ఈసారి మొదటి పద్యం కూడా పూర్తికాలేదు. గది గుమ్మం దగ్గర పడిపోతే ఎత్తుకెళ్లి సెలైన్ పెట్టారు. మిగతా రోజులు గురువుగారే చదువుకున్నారు.

నాకు ముందు కలిగింది సంతోషం. ఇది రాయకపోతే ఇంకేదీ రాయక్కర్లేదు. గుప్పెడంత సంతోషం, ఎంతసేపు, ఒక ఊపిరి పీల్చినంతసేపు.

హాలు ఖాళీ అయ్యాక దగ్గరికి వెళ్లాను.

"స్వామి నన్ను వద్దన్నాడక్కా" అంది. ఏడవలేదు, మామూలుగా చెప్పింది. "మొదటి రోజు బాగా చదివానని గర్వం వచ్చింది నాకు. నువ్వు గుర్తొచ్చావు, నీకంటే బాగా చదివాననుకున్నాను. అందుకే లేపేశాడు. రెండోసారి కూర్చుంటే మళ్లీ లేపాడు. ఇంకేం కావాలి? నేనింక చదవను."

"అట్లా అనకూడదు" అన్నాను. అసలు సంగతి చెప్పకుండానే ఇంటికొచ్చేశాను.

ఉగాది వచ్చింది, పోయింది. పీట నాకు తిరిగొచ్చింది. ప్రతి గురువారం చదువుతున్నాను, ఒక్క తప్పు లేకుండా. ఆమె వెనక వరుసలో కూర్చునేది. పద్యాలు ముట్టుకోకపోవడం అటుంచి, భజనలో అందరూ కలిసి నామం పలికేటప్పుడు కూడా ఆమె పెదాలు కదిలేవి కావు. పలికితే స్వామికి ఇష్టం లేదేమో అన్నట్టు. అంత గొంతు ఉన్న మనిషి నారాయణ నామం పలకడానికి భయపడుతోంది. ఆ భయం స్వామి పెట్టింది కాదు, నేను పెట్టింది. ఆయన పేరు మీద పెట్టాను. నాకు పద్యం పద్యానికీ గొంతు ఎండిపోయేది, అదీ ఆకలి వల్లేనని సరిపెట్టుకునేదాన్ని.

చివరికి ఒక రోజు పొద్దున బస్సెక్కి గుంటూరు వెళ్లాను. ఆమె వంటింట్లో చింతపండు గింజ తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ ఒక గుప్పెడు తీసుకున్నాను. చేతులకి పనుంటే చెప్పగలనేమోనని. చెప్పాను. ఇంగ్లీషు కాగితం, కొత్తపట్నం ముసలామె, పొయ్యిలో వేసిన చిత్తు కాగితం, అన్నీ.

ఆమె గింజ తీయడం ఆపలేదు. తీస్తూనే అడిగింది.

"ఎందుకక్కా?"

"నీ గొంతు చూసి. నువ్వు వెళ్తున్నావని. నేను వెళ్లలేకపోయానని."

"రాసున్నా నేను తినేదాన్ని కాదేమో" అంది. నా గుండె తేలికవబోయింది. వెంటనే తలెత్తింది. "అయినా నువ్వు రాయాల్సింది. తినడమో మానడమో నేను చూసుకునేదాన్ని."

"తప్పైంది."

"నాకు చెప్పి నువ్వు బరువు దించేసుకున్నావు. బాగానే ఉంది. నాలుగూళ్ల వాళ్ల ముందు నేను స్వామి వద్దన్న మనిషినయ్యాను. నిన్నగాక మొన్న పూలమ్మేవిడ కూడా అడిగింది, ఓడలో మీకేదో అపచారం జరిగిందంటగా అని. వాళ్లకెవరు చెప్తారు?"

"నేనే చెప్తా."

"చెప్పి చూడు" అంది. గిన్నె పక్కకి జరిపి, "అన్నం తిని వెళ్లు" అంది. నేను తిన్నాను, ఆమె తినలేదు. వడ్డించి ఎదురుగా కూర్చుంది.

తర్వాతి గురువారం పీట మీద కూర్చోలేదు. పక్కన నిలబడి చెప్పాను. తొమ్మిదేళ్లు చదివిన గొంతు అప్పుడు ఎంత వణికిందంటే, వెనకవాళ్లు "వినపడటం లేదు, గట్టిగా చెప్పండి" అన్నారు. గట్టిగా మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సొచ్చింది. మగ్గు గురించి దణ్ణం పెట్టిన పెద్దాయన తలదించుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని సముద్రం మీద నీ గొంతు వినాలన్న ముసలమ్మగారు "ఛీ" అంది. చిన్నగానే అంది, కానీ హాలంతా వినపడింది. నాలుగూళ్ల వాళ్లకి కూడా తెలియాలి గనక ఉత్తరాలు రాసి తెచ్చాను, మాస్టారి చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "మరి ఇవాళ ఎవరు చదువుతారమ్మా?" అన్నారు. ఆయనకి ఇంకేం అడగాలో తోచలేదనుకుంటాను.

"నేను చదవను" అన్నాను.

వెనక వరుసలో మా తోడికోడలు లేచి నిలబడింది.

"నేను చదువుతా. ముందు నాకు టిఫిన్ పెట్టండి."

ఎవరికీ అర్థం కాలేదు. పారాయణం అయ్యాక పంచడానికి తెచ్చిన ఉప్మా గిన్నె మూలన మూతపెట్టి ఉంది. ఆమె దానికేసి చెయ్యి చూపించింది.

"నైవేద్యం ఇప్పుడే పెట్టేయండి మాస్టారూ. స్వామి తిన్నాక నేను తింటా. తిన్నాక చదువుతా. కడుపుతో ఉన్నవాళ్లు, షుగరున్నవాళ్లు, అందరూ తినండి. తిని వింటే పుణ్యం తగ్గుతుందని ఎవరైనా రాసిపెట్టారా?"

ముసలమ్మగారు "తిని పీటెక్కుతావుటే?" అంది.

"ఎక్కుతా అమ్మమ్మా. ఎక్కి పడిపోవడం చూశారుగా. ఇది కూడా చూడండి."

మాస్టారు గంట తీసుకుని వాయించారు. నైవేద్యమైంది. ఆమె వచ్చి పీట పక్కన నేల మీద చాప మీద కూర్చుంది.

"అక్కా, నువ్వే పెట్టు."

విస్తరాకులో ఉప్మా పెట్టాను. చాలన్లేదు. మళ్లీ పెట్టాను. అంతమంది చూస్తుండగా తొందరేమీ లేకుండా తిన్నది, కరివేపాకు కూడా నమిలింది. మంచినీళ్లడిగితే ఇచ్చాను. లేచి చేయి కడుక్కుని, నోరు పుక్కిలించి, పీట మీద కూర్చుని గ్రంథం తెరిచింది.

నేను ముందు వరుసలో కూర్చున్నాను. ఆ రోజు నేనేమీ తినలేదు, అలవాటు. గంటన్నర చదివింది. కడుపులో ఆకలి పేగుల్ని మెలిపెడుతోంది. ఆమె గొంతు మిల్లు రేకుల కప్పు దాకా వెళ్లి తిరిగొస్తోంది. బయట రోడ్డు మీద పత్తి బోరాలు నింపిన లారీ ఆపుకుని డ్రైవరు కిటికీ దగ్గర నిలబడి వింటున్నాడు. అది చూసి నాలో మళ్లీ ఆ పాత మంట రేగింది. ఇంత జరిగాక కూడా. కళ్లు మూసుకున్నాను, మూసుకుంటే ఇంకా బాగా వినపడింది.